బతికున్న చేపను ఎరగా వాడటం ఎలా? కర్నూలు, కడప, అనంతపురం నీళ్లలో పాటించాల్సిన పద్ధతులు

కొర్రమీను, వాలుగ పిండిముద్దకు లొంగే చేపలు కావు. వాటికి సాధారణంగా కదిలే ఎర కావాలి. అందుకే సుంకేసుల నుంచి మైలవరం దాకా, జీడిపల్లి నుంచి బుక్కపట్నం చెరువు దాకా గాలం వేసేవాళ్లు ముందు నాలుగు చిన్నచేపలు పట్టుకుని, వాటిని గుచ్చి పెద్దచేప కోసం కూర్చుంటారు. చాలామంది మరిచిపోయేది ఒక్కటే: ఎర కోసం పట్టిన చేప కూడా పట్టిన చేపే. పెద్దచేపకు ఏ అనుమతి కావాలో, ఏ నెలల్లో పట్టకూడదో, ఏ జాతి జోలికి పోకూడదో, అదంతా బకెట్లో ఈదుతున్న వేలెడు పరిగెకూ వర్తిస్తుంది.

1. ముందు ఆ నీళ్లు ఎవరివో కనుక్కోండి

ఊరి చెరువైతే చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానికో, వేలం పాడుకున్నవాళ్లకో ఉంటుంది. వాళ్లు డబ్బు పెట్టి చేపపిల్లలు వదిలిన చెరువు అది. ఒక్క గాలమే కదా అని దిగితే తగాదా తప్పదు, తప్పు కూడా మీదే అవుతుంది. అడిగితే వాలుగకు తొందరగానే ఒప్పుకుంటారు, వాళ్లు వదిలిన పిల్లల్ని తినేసేది అదే కాబట్టి. కొర్రమీను సంగతి వేరు. దానికి ధర ఎక్కువ, ఊరికే పట్టుకోనివ్వరు.

డ్యాముల్లో పట్టాలంటే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో లైసెన్సు గురించి అడగాలి. వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపేస్తారు. ఆ ఏడాది తేదీలు కూడా అక్కడే తెలుసుకోండి. ఆత్మకూరు వైపు శ్రీశైలం వెనుక జలాల్లో ఇంకో చిక్కుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అక్కడే ఉంది. దాని హద్దులోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది, చేతిలో గాలం ఉన్నా లేకున్నా.

ఎండాకాలంలో కాలువలు ఆగి మడుగులు మిగిలినప్పుడు, ఎరచేపల కోసమని కొందరు నీళ్లలో బ్లీచింగు పొడి చల్లుతారు, ఇంకొందరు తూటా పేలుస్తారు. ఈ రెండూ 1897 నాటి మత్స్య చట్టం వచ్చినప్పటి నుంచీ నేరమే. ఎరకేగా అన్న మినహాయింపు ఏమీ లేదు.

2. ఏ చేపను ఎరగా తీసుకోవాలి

పరిగె అన్నిటికంటే మేలు. ఏ వంకలో చూసినా దొరుకుతుంది, గట్టి ప్రాణం, నీళ్లలో తళతళ మెరుస్తుంది. కొర్రమీనుకు 5 నుంచి 8 సెంటీమీటర్లది, వాలుగకు 10 నుంచి 15 సెంటీమీటర్లది సరిపోతుంది. చిన్న మట్టగిడస కూడా బాగుంటుంది. జెల్ల వాడేవాళ్లూ ఉన్నారు గానీ దాని వీపు ముల్లు, పక్క ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి గంటల తరబడి సలుపుతుంది. కటింగ్ ప్లేయరు లేకుండా పట్టుకోవద్దు.

వాడకూడనివి బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు. సంఘం వదిలేది వాటినే. చాలామంది పరిగెను తోక దగ్గరి నల్లమచ్చ చూసి గుర్తుపడతారు. ఆ గుర్తు నమ్మదగింది కాదు, శీలావతి పిల్లకు కూడా ఆ వయసులో అక్కడ నల్లటి మచ్చ ఉండొచ్చు. పొలుసులు చూడండి. చేపను తడిచేతిలో పక్కకు పడుకోబెట్టి, మొప్ప అంచు నుంచి తోక మొదలు దాకా ఒంటి నడిమి గీత మీద ఉన్న పొలుసులు లెక్కపెట్టండి. పరిగెకు 25కు అటూ ఇటూ ఉంటాయి, పెద్దవిగా విడివిడిగా కనిపిస్తాయి. బొచ్చె, శీలావతి, మోసులకు 40 పైనే ఉంటాయి, సన్నగా ఒత్తుగా ఉంటాయి. నాలుగు చేపలు చూశాక లెక్కపెట్టే పని కూడా ఉండదు, కంటికే తెలిసిపోతుంది.

ఒంటి మీద ఎర్రటి పుండ్లు, దూదిలాంటి బూజు ఉన్న చేపను బకెట్లో వేయనే వద్దు. కొర్రమీను జాతిని, పరిగెల్ని పట్టి పీడించే పుండ్ల జబ్బు నీటిబూజు వల్ల వస్తుంది. చేపతోనూ వ్యాపిస్తుంది, అది ఉన్న నీళ్లతోనూ వ్యాపిస్తుంది.

3. ఎరచేపను పట్టడం

దోమతెరతో ఈడ్చొద్దు. పరిగెలతో పాటు అన్ని రకాల పిల్లలూ వచ్చేస్తాయి, ఏరి వదిలేలోపు సగం చస్తాయి. 14 లేదా 16 నంబరు చిన్న గాలం, సన్న తంగూసు, వడ్లగింజంత బెండు చాలు. ఎరగా మిరియపు గింజంత గోధుమపిండి ముద్ద గానీ సంగటి పలుకు గానీ పెట్టండి. గట్టు పక్కన మోకాలి లోతులో వేస్తే అరగంటలో పది దాకా పడతాయి. అవసరమైనన్నే పట్టండి, ఒక పూటకు ఆరేడు మించి ఖర్చు కావు.

4. బకెట్లో బతికించడం

అసలు కష్టం ఇక్కడుంది. మన ఎండల్లో చేప చచ్చేది గాలం దెబ్బకు కాదు, బకెట్లో ఊపిరాడక. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా నిలిచేది, 35 డిగ్రీలకు 7 లోపే. అదే సమయంలో వేడికి చేప ఒళ్లు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది.

20 లీటర్ల తెల్ల బకెట్ తీసుకుని 12 లీటర్ల నీళ్లు పోయండి. నల్ల బకెట్ ఎండను పీల్చేస్తుంది. నీళ్లు చేప పట్టిన చోటివే కావాలి. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, మొప్పలు మాడిపోతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉంటే 10 నుంచి 12 పరిగెల దాకా ఉంచొచ్చు, లేకపోతే నాలుగైదు మించొద్దు. ఐసుగడ్డలు నేరుగా వేయకండి. అర లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి బకెట్లో తేలేయండి, ఒక్కసారిగా చల్లబడకుండా మధ్యమధ్య తీస్తుండండి. పైన తడి గోనెపట్టా కప్పితే నీడా అవుతుంది, చేప ఎగిరి పడకుండానూ ఉంటుంది.

చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే గడువు అయిపోయినట్టే. వెంటనే సగం నీళ్లు మార్చండి. మట్టగిడసకు మాత్రం ఈ లెక్క వర్తించదు. అది పైకొచ్చి గాలి పీల్చే చేప. దానికి పంపు అక్కర్లేదు గానీ, డబ్బాలో మూత దాకా నీళ్లు నింపితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.

5. గాలానికి గుచ్చడం

కొర్రమీనుకు 1/0, వాలుగకు 3/0 లేదా 4/0 గాలం. తంగూసు 0.40 నుంచి 0.50 మిల్లీమీటర్లది. వాలుగ నోట్లో ఆకురాయిలా సన్నటి పళ్ల వరుసలుంటాయి, అందుకని గాలం పైన జానెడు స్టీలు వైరు కట్టండి.

బెండు కింద ఒకేచోట ఉంచాలంటే వీపు రెక్క వెనక, వెన్నెముకకు పైన, తోలూ కొంచెం కండా తీసుకుంటూ గుచ్చాలి. లోతుగా దిగి వెన్నెముక తగిలితే చేప ఆ క్షణమే బిగుసుకుపోతుంది, ఇక అది ఎరగా పనికిరాదు. విసిరి లాక్కోవాలంటే కింది పెదవి నుంచి పై పెదవికి గుచ్చండి. మొప్పల దగ్గర ఎప్పుడూ గుచ్చొద్దు. చేతులు తడి చేసుకునే పట్టుకోవాలి, పొడి చెయ్యి తగిలితే ఒంటి జిగురు ఊడిపోతుంది.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కేవలం వినోదం కోసం ఒక జంతువును బంధించి ఇంకో జంతువుకు ఆహారంగా పెట్టడం నేరం. ఆ చట్టంలో జంతువంటే మనిషి కాక బతికున్న ఏ ప్రాణైనా సరే. కూరకు పట్టుకునేవాళ్లు, పట్టి ఫొటో దిగి వదిలేసేవాళ్లు ఒకే గాటన పడరని దీన్ని చదివితే అర్థమవుతుంది. సరదాకు పట్టేవాళ్లు ఎరగా రబ్బరు కప్ప బొమ్మ వాడుకోవడమే మంచిది. గడ్డి, తామరాకుల మధ్య కొర్రమీనుకు అదేమీ తీసిపోదు. వాలుగకైతే చచ్చిన పరిగె కూడా పనిచేస్తుంది, రాత్రిపూట మరీనూ.

నీటిపైన ఎర్రగా గుంపుగా కొర్రమీను పిల్లలు కదులుతుంటే అక్కడ గాలం వేయొద్దు. కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆకలికి కాదు, పిల్లల కోసం ఎర మీదికి దూకుతాయి. అవి పోతే గుంపు మొత్తం మిగతా చేపల పాలవుతుంది.

6. అందుకున్నాక

బెండు మునగ్గానే లాగకండి. కొర్రమీను ముందు అడ్డంగా పట్టుకుని, తర్వాత తిప్పి మింగుతుంది. మూడు నుంచి ఐదు సెకన్లు తంగూసు వదిలి, అప్పుడు లాగండి. ఇంకా ఆలస్యం చేస్తే గాలం కడుపులోకి పోతుంది. కొన లోపలికి తిరిగిన సర్కిల్ గాలమైతే కుదుపే వద్దు, తంగూసు బిగించుకుంటూ పోతే మూతి మూలకు అదే పట్టుకుంటుంది.

బెండు గబుక్కున మునగకుండా బరువుగా, నిదానంగా పక్కకు జరుగుతుంటే తాబేలు కావచ్చు. మన చెరువుల్లోని మెత్తటి డిప్ప తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు ప్రాణి, అంటే గట్టి రక్షణ ఉన్నది. పైకెత్తి వేలాడదీయకుండా నెమ్మదిగా గట్టుకు తెచ్చి, పైకి కనిపిస్తే గాలం తీయండి. గొంతులో దిగితే తంగూసును నోటి దగ్గర కోసి నీళ్లలో వదిలేయండి.

7. మిగిలిన ఎర

పట్టిన నీళ్లలోనే, పట్టిన చోటే వదలండి. ఇంకో చెరువులో మాత్రం పోయొద్దు, బకెట్ నీళ్లు కూడా పోయొద్దు. హంద్రీ-నీవా కాలువ కృష్ణ నీళ్లను అనంతపురం తెస్తోంది, హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) తుంగభద్ర నీళ్లను తెస్తోంది, చేపలు ఎలాగూ కలిసిపోయాయి కదా అని కొందరి వాదన. కాలువ తగలని కుంటలు, చెరువులు ఇంకా ఎన్నో ఉన్నాయి. తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఒకసారి చేరితే వాటిని తీసే దారి లేదు. పొరపాటున అవి ఎరగా పడితే తిరిగి వదలకండి. చచ్చిన చేపల్ని గట్టున గుంత తీసి పూడ్చండి.

8. సముద్రానికి పోయేవాళ్లకు

కడప నుంచి మైపాడు, కృష్ణపట్నం వైపు పోయేవాళ్లు ఇక్కడి పరిగెల్ని తీసుకుపోయి లాభం లేదు, ఉప్పునీళ్లలో ఎక్కువసేపు బతకవు. ఎర అక్కడే పట్టాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో ఎరచేపల కోసమైనా మోటారు పడవ ఎక్కి పోకూడదు. కువైట్, ఖతార్‌లలో ఉండే మనవాళ్లు సెలవు రోజు ఒడ్డున గాలం వేసేముందు అక్కడి నిబంధనలు విడిగా తెలుసుకోవాలి. చాలా దేశాల్లో కనీస పొడవు, రోజుకు ఇన్నే అన్న లెక్క ఎరగా గుచ్చిన చేపకూ ఉంటుంది. పొడవు చాలని చేపను ఎరగా గుచ్చి దొరికితే, కూరకు పట్టినట్టే జరిమానా వేస్తారు.