తుప్పు రేకు ఎక్కడుంది? ఆర్ట్ ఫైళ్ల పోగును నేను సర్దుకున్న పద్ధతి

రెండేళ్ల కిందట ఒక నవలకు కవర్ వేస్తూ, తుప్పు పట్టిన రేకు ఫోటో కోసం మూడు గంటలు వెతికాను. అది నా దగ్గర ఉందని నాకు తెలుసు. నీలం పెయింట్ పెచ్చులుగా లేచి, కింద నారింజ రంగు తుప్పు కనిపించే రేకు. కళ్లకు కట్టినట్టు గుర్తుంది, చేతికి మాత్రం దొరకలేదు. చివరికి విసిగిపోయి నెట్‌లో అలాంటిదే ఒకటి పట్టుకుని పని ముగించాను. ప్రింటుకు వెళ్లే ముందు పబ్లిషర్ ఒకే మాట అడిగారు: "ఈ ఫోటో వాడుకునే హక్కు మనకు ఉందా?" ఎక్కడి నుంచి తీసుకున్నానో అప్పటికే మర్చిపోయాను. ఆ రాత్రి కవర్ సగం మళ్లీ వేయాల్సి వచ్చింది.

సర్దడం ఆ వారమే మొదలుపెట్టాను. పదకొండేళ్ల పోగు అది. మూడు డిస్కుల్లో దాదాపు 1,80,000 ఫైళ్లు. డిజిటల్ బ్రష్‌లు, టెక్స్‌చర్లు (ఉపరితలాల బొమ్మలు), ఫాంట్లు, త్రీడీ మోడళ్లు, చూసి వేసుకునే రెఫరెన్స్ ఫోటోలు, నా పాత పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు) అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. రోజుకు అరగంట చొప్పున నాలుగు నెలలు పట్టింది. ఒక్క ఆదివారం కూర్చుని పూర్తి చేసేద్దామని మాత్రం అనుకోకండి. అలసిపోయాక చేసే సర్దుడులోనే మంచి ఫైళ్లు పోతాయి.

ముందు ఏదీ కదపకండి

మొదటి పని కాపీ తీయడం. ఉన్నది ఉన్నట్టుగా, ఆ గందరగోళంతో సహా, వేరే డిస్కులోకి మొత్తం కాపీ చేసి పక్కన పెట్టండి. నాలుగు నెలల్లో నేను ఆ డిస్కును ఐదుసార్లు తెరవాల్సి వచ్చింది.

తర్వాత లింకుల సంగతి చూడాలి. త్రీడీ సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్ ఫైలు తన టెక్స్‌చర్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో గుర్తుపెట్టుకుంటుంది. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ అయినా, ఫొటోషాప్‌లో లింక్ చేసిన స్మార్ట్ ఆబ్జెక్టులైనా (బయటి ఫైలు నుంచి వచ్చే బొమ్మలు) అంతే. మీరు టెక్స్‌చర్‌ను తీసి చక్కగా ఇంకోచోట పెడితే, రేపు ఆ బ్లెండర్ సీన్ తెరిచినప్పుడు మోడల్ అంతా ముదురు గులాబీ రంగులో కనిపిస్తుంది. అందుకే నడుస్తున్న ప్రాజెక్టులను ముందు మూట కట్టుకోవాలి. బ్లెండర్‌లో ఎక్స్‌టర్నల్ డేటా కింద ప్యాక్ రిసోర్సెస్ అని ఉంటుంది, ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్ అని ఉంటుంది. అయిపోయిన పాత ప్రాజెక్టుల లోపలికి అసలు చేయి పెట్టకండి. ఫోల్డర్‌ను ఎలా ఉన్నదాన్ని అలాగే ఆర్కైవ్‌లోకి పంపండి. దాని పాత పేర్లు, పాత చిందరవందర దానికే వదిలేయండి.

డూప్లికేట్లు: నెమ్మదిగా

ఒకే ఫైలు మూడు చోట్ల ఉందా అని కంటితో చూడటం అయ్యే పని కాదు. డూప్‌గురు, చ్కావ్‌కా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇవి ఫైలు లోపలి డేటాను పోల్చి, పేర్లు వేరైనా సరే, అచ్చంగా ఒకటే అయిన వాటిని పట్టిస్తాయి. మొదట ఈ పద్ధతిలోనే వెళ్లండి. "ఒకేలా కనిపించే బొమ్మలు" అని ఇంకో రకం వెతుకులాట కూడా వాటిలో ఉంటుంది. దాని జాబితాను మాత్రం ఒక్కొక్కటిగా చూడాలి. ఒకే టెక్స్‌చర్ చిన్నదైన 1కె సైజు, పెద్దదైన 4కె సైజు దానికి ఒకేలా కనిపించవచ్చు. ఏది ఉంచుకోవాలో దానికి తెలియదు, మీకు తెలుసు.

ఇక్కడ నేను ఒక దెబ్బ తిన్నాను. ఒకే చెక్క టెక్స్‌చర్ మూడు వేర్వేరు త్రీడీ కిట్లలో (మోడళ్లూ టెక్స్‌చర్లూ కలిపి ఇచ్చే సెట్లలో) ఉంది. డూప్లికేట్ కదా అని రెండు చోట్ల తీసేశాను. ఆ రెండు కిట్లలో బల్లలూ తలుపులూ రంగు పోయి కూర్చున్నాయి. అప్పటి నుంచి కిట్లను, ఫాంట్ ప్యాకేజీలను డూప్లికేట్ వెతుకులాటలో కలపను. కిట్ అంటే ఒక కుటుంబం, అందులోంచి ఒకరిని తీయకూడదు. తీసేయాలనుకున్నవి కూడా వెంటనే డిలీట్ చేయకుండా "వెళ్లేవి" అనే ఫోల్డర్‌లో నెల రోజులు ఉంచుతాను.

ఫోల్డర్లు తక్కువ, లోతు తక్కువ

నా పై వరుసలో ఎనిమిది ఫోల్డర్లే ఉన్నాయి: 00 ఇన్‌బాక్స్, 10 బ్రష్‌లు, 20 టెక్స్‌చర్లు, 30 రెఫరెన్స్, 40 ఫాంట్లు, 50 త్రీడీ, 60 నా పని, 90 ఆర్కైవ్. పదేసి అంకెల ఎడం ఎందుకంటే, రేపు కొత్త రకం వస్తే మధ్యలో చోటు ఉంటుంది. లోపల ఇంకో రెండు మెట్లు, అంతకు మించి దిగను. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఫైలు దారి మొత్తం పొడవు 260 అక్షరాలు దాటితే ఇబ్బంది. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఆ హద్దు మనం అనుకున్నదానికంటే ముందే వస్తుంది.

"అడవి", "పాత ఇల్లు", "యుద్ధం" లాంటి థీమ్ ఫోల్డర్లు మొదట పెట్టాను, తర్వాత తీసేశాను. నాచు పట్టిన గోడ ఫోటో అడవిలోకి వెళ్తుందా, పాత ఇంట్లోకా? రెండింట్లోకీ వెళ్తుంది. కాబట్టి అది ఫోల్డర్ పని కాదు, ట్యాగ్ (ఫైలుకు తగిలించే మాట) పని. ఈ వస్తువు ఏ రకమో ఫోల్డర్ చెబుతుంది, దేనికి పనికొస్తుందో ట్యాగ్ చెబుతుంది.

నోట్లోకి వచ్చే మాటే ట్యాగ్

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైనది ఇదే. ట్యాగులు పెట్టే ముందు రెండు వారాలు ఒక చిన్న పని చేశాను. బొమ్మ వేస్తూ ఏదైనా వెతకాల్సి వచ్చిన ప్రతిసారీ, వెతకడానికి ముందు, మనసులోకి వచ్చిన మాటను కాగితం మీద రాసుకున్నాను. తడి నేల. ముసలి చేతులు. చినిగిన కాగితం అంచు. పక్కనుంచి పడే వెలుతురు. కింద నుంచి చూసిన మెట్లు. రెండు వారాలయ్యాక ఆ కాగితం చూస్తే ఒక విషయం తేలింది. ఒక్కచోట కూడా వెబ్‌సైట్ పేరు లేదు, తేదీ లేదు, కెమెరా ఇచ్చిన అంకె లేదు. నా ఫైళ్లన్నీ మాత్రం సరిగ్గా వాటి ప్రకారమే పేర్చి ఉన్నాయి. ఎలా దొరుకుతాయి మరి?

ఆ కాగితంలోంచే నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను. ఇది ఏమిటి? ఎలాంటి స్థితిలో ఉంది? వెలుతురు ఎటునుంచి? ఏ కోణంలో? టెక్స్‌చర్లకు మొదటి రెండూ సరిపోతాయి. రెఫరెన్స్ ఫోటోలకు వెలుతురు, కోణం లేకపోతే ట్యాగ్ పెట్టినా దండగే, ఎందుకంటే బొమ్మ వేసేటప్పుడు వెతికేది వాటినే.

మాటల జాబితా చిన్నదిగా ఉండాలి. నాది ఒక్క పేజీ, 120 మాటలు. ఒక భావానికి ఒకటే మాట. రాయి, బండ, శిల మూడూ ట్యాగులుగా పెట్టుకుంటే ప్రతిసారీ మూడు చోట్ల వెతకాలి. నేను రాయి ఉంచుకుని మిగతావి కొట్టేశాను. కొత్త మాట చేర్చాలనిపిస్తే ముందు జాబితా చూస్తాను.

ఇంకో సంగతి, ట్యాగులు ఎక్కడ నిలుస్తాయో తెలుసుకుని మొదలుపెట్టండి. ఫైళ్లను చూసుకునే అడోబ్ బ్రిడ్జ్‌లో కీవర్డులు (అంటే ట్యాగులే) పెడితే, మామూలు ఇమేజ్ ఫార్మాట్లలో అవి ఎక్స్‌ఎంపీ అనే సమాచారం రూపంలో ఫైలులోకే వెళ్తాయి. ఫోటోలు సర్దే సాఫ్ట్‌వేర్ డిజిక్యామ్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ట్యాగులను ఫైలులోనో పక్కన సైడ్‌కార్ అనే చిన్న తోడు ఫైలులోనో రాయమని చెప్పాలి. ఈగిల్ అనే సాఫ్ట్‌వేర్ వాడటం చాలా హాయి, కానీ అది ఫైళ్లను తన సొంత లైబ్రరీలోకి కాపీ చేసుకుని, ట్యాగులను అక్కడే ఉంచుకుంటుంది. రేపు సాఫ్ట్‌వేర్ మారితే మీ కష్టం మీతో వస్తుందా లేదా అన్నది దీన్నిబట్టే ఉంటుంది. నేను డిజిక్యామ్‌తో ఉండిపోయాను.

బ్రష్‌ల సంగతి వేరు. ఏబీఆర్ (ఫొటోషాప్ బ్రష్) ఫైలులో ఏముందో బయటినుంచి కనబడదు. ప్రతి బ్రష్ సెట్‌కూ ఒక నమూనా బొమ్మ చేశాను. తెల్ల కాగితం మీద ప్రతి బ్రష్‌తో సన్నం నుంచి లావుకు ఒక గీత, ఒకే ఒక్క అద్దు, చేతి వెడల్పంత నింపిన ముక్క. బ్రష్ ఫైలు పేరే దీనికీ పెట్టి పక్కనే ఉంచాను. ఇప్పుడు బ్రష్‌ను కంటితో చూసి ఎంచుకుంటున్నాను. 60 సెట్లకు ఇలా చేయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నాకు చాలా ఇష్టంగా గడిచాయి. ఎన్నడూ తాకని మంచి బ్రష్‌లు ఎన్నో చేతికొచ్చాయి.

పేర్లు

అన్నింటికీ పేర్లు మార్చక్కర్లేదు. కొన్న కిట్లు, దించుకున్న టెక్స్‌చర్ సెట్ల పేర్లు అలాగే ఉండనివ్వండి. నార్మల్, రఫ్‌నెస్, మెటాలిక్ అని చివర ఉండే మాటలను చూసే బ్లెండర్‌లోని నోడ్ రాంగ్లర్ అనే యాడ్-ఆన్ మ్యాపులను (టెక్స్‌చర్‌లో ఒక్కో గుణాన్ని చెప్పే బొమ్మలను) వాటి వాటి చోట కలుపుతుంది. గుంటలు, బుడిపెలు చూపే నార్మల్ మ్యాప్ పేరులో జీఎల్ లేదా డీఎక్స్ అని ఉంటే దాన్ని అసలే చెరపకండి. జీఎల్ అంటే ఓపెన్‌జీఎల్, డీఎక్స్ అంటే డైరెక్ట్‌ఎక్స్; ఈ రెండు పద్ధతులకూ ఆకుపచ్చ ఛానల్ తలకిందులు. తప్పుది పెడితే గుంట ఉండాల్సిన చోట బుడిపె కనిపిస్తుంది.

సొంత ఫోటోలకు మాత్రం పేరు పెట్టండి. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపై రోజు: 2024-03-15. అప్పుడు పేరు వరసే కాలం వరస అవుతుంది. అంకెలు 001, 002 అని రాయండి. ఒట్టి 1, 2 అని రాస్తే కొన్ని ప్రోగ్రాముల్లో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని పవర్‌రీనేమ్ వందల పేర్లను ఒకేసారి మారుస్తుంది. మ్యాక్ ఫైండర్‌లో ఆ వసతి ముందే ఉంది.

మూడో నెలలో పాత ఫోన్ బ్యాకప్ సర్దుతుంటే ఆ తుప్పు రేకు కనిపించింది. పేరు ఐఎంజీ 4471. నేనే తీసిన ఫోటో! ఎవరి అనుమతీ అక్కర్లేనిది. ఇప్పుడు దాని పేరు "2019-06-02 రేకు తుప్పు 003". ట్యాగులు: రేకు, తుప్పు, పెచ్చులు, నీలం, ఎదురుగా.

హక్కు కాగితం

బయటి నుంచి వచ్చిన ప్రతి సెట్ ఫోల్డర్‌లోనూ ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంచుతాను. ఎవరు చేశారు, ఎక్కడి నుంచి, ఏ రోజు, ఏ లైసెన్స్. లైసెన్స్ పేజీని ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకుంటాను, ఎందుకంటే పేజీలు మారిపోతాయి. పాలీ హేవెన్, యాంబియంట్‌సీజీ లాంటి వెబ్‌సైట్లలో దొరికేవి సీసీ0 లైసెన్స్‌వి (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్), దేనికైనా వాడుకోవచ్చు. సీసీ బై అయితే చేసినవారి పేరు చెప్పాలి. ఎన్‌సీ (నాన్ కమర్షియల్) అని ఉంటే డబ్బు కోసం చేసే పనిలో వాడకూడదు. ఎడిటోరియల్ (వార్తల వాడకానికి) అని ఉన్న ఫోటోలను ప్రకటనల్లో పెట్టకూడదు. ఫాంట్లలో ప్రింటుకు ఒక లైసెన్స్, వెబ్‌కు ఇంకొకటి ఉండటం మామూలే.

మూలం దొరకని ఫైళ్లు నాకు 9,000 దాకా తేలాయి. బొమ్మనే ఇచ్చి నెట్‌లో వెతికే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌తో కొన్నింటి ఊరూ పేరూ తెలిశాయి. మిగతావి "చూడ్డానికి మాత్రమే" అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. వాటిని చూసి నేర్చుకుంటాను, వాటిలో ఒక్క పిక్సెల్ కూడా బయటికి వెళ్లే పనిలో పెట్టను. అది ఇంకొకరి కష్టం. నా బొమ్మను ఎవరైనా అడగకుండా వాడితే నాకెలా ఉంటుందో నాకు తెలుసు.

మళ్లీ పోగు పడకుండా

కొత్తగా ఏది వచ్చినా ముందు ఇన్‌బాక్స్‌లోకే. శుక్రవారం సాయంత్రం ఇరవై నిమిషాలు కూర్చుని ఖాళీ చేస్తాను. హక్కు కాగితం రాయలేనిది ఆ వారమే తీసేస్తాను. రెండు శుక్రవారాలు తప్పితే మూడో వారం టెన్షన్ మొదలవుతుంది, అందుకే తప్పనివ్వను.

బ్యాకప్ 3-2-1 పద్ధతిలో ఉంది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీలో, వాటిలో ఒకటి ఇంటి బయట. క్లౌడ్ సింక్‌నే బ్యాకప్ అనుకోకండి. ఇక్కడ పొరపాటున తీసేస్తే అక్కడా పోతుంది. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూస్తాను. పోయిన నెల ఆ తుప్పు రేకునే తెచ్చాను. ట్యాగులతో సహా తెరుచుకుంది.