ఫోన్ ఛార్జ్ అవుతుంది, ఆండ్రాయిడ్ స్టూడియోకు మాత్రం కనిపించదు: యూఎస్‌బీ డ్రైవర్ చిక్కులు, పరిష్కారాలు

ఆండ్రాయిడ్ యాప్ తయారు చేయడం మొదలుపెట్టిన వారికి తొలి ఆటంకం చాలాసార్లు కోడ్‌లో కాకుండా, ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపే దగ్గరే ఎదురవుతుంది. ఫోన్ ఛార్జ్ అవుతూ ఉంటుంది, ఫొటోలు కూడా కాపీ అవుతాయి, కానీ ఆండ్రాయిడ్ స్టూడియోలో ఫోన్ పేరు రావలసిన చోట ఏమీ ఉండదు. అప్పుడు తప్పంతా డ్రైవర్‌దే (పరికరంతో మాట్లాడేందుకు విండోస్ వాడే సాఫ్ట్‌వేర్) అనుకుని ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి డ్రైవర్‌నూ ఇన్‌స్టాల్ చేస్తూ పోతే, అసలు లోపం బయటపడకపోగా కొత్త చిక్కులు తోడవుతాయి. డ్రైవర్ జోలికి వెళ్ళే ముందు రెండు చోట్ల చూడాలి: విండోస్‌లోని డివైస్ మేనేజర్ ఒకటి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఏడీబీ డివైసెస్’ అని కొట్టినప్పుడు వచ్చే జవాబు రెండోది (ఏడీబీ అంటే ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం). కింద చెప్పే లక్షణాల్లో మీది ఏదో ఈ రెండింటిని బట్టే తేలుతుంది.

ఫొటోలు కాపీ అవుతున్నప్పుడు ఫోన్ ఎందుకు కనిపించడం లేదన్న ప్రశ్న చాలామందిని వేధిస్తుంది. డీబగ్గింగ్ (కంప్యూటర్ నుంచి యాప్‌ను ఫోన్‌లో పరీక్షించే సదుపాయం) ఆన్ చేసిన ఫోన్ ఒకే కేబుల్ మీద కంప్యూటర్‌కు రెండు వేర్వేరు పరికరాలుగా పరిచయమవుతుంది. ఒకటి ఫైళ్ళ కోసం ఉండే ఎంటీపీ, రెండోది డెవలపర్ల కోసం ఉండే ఏడీబీ ఇంటర్‌ఫేస్. ఎంటీపీకి కావలసిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది. ఏడీబీకి కావలసినది కొన్ని ఫోన్లకు దానంతట అదే కుదురుతుంది, కొన్నింటికి మనం ఇవ్వాలి. కాబట్టి ఫైళ్ళు కనిపించినంత మాత్రాన రెండో దారి తెరుచుకున్నట్టు కాదు. ఆ దారి తెరుచుకున్నాక కంప్యూటర్‌లో 5037 పోర్టు దగ్గర కూర్చున్న ఏడీబీ సర్వర్, ఫోన్‌లో నడిచే ఏడీబీ ప్రోగ్రామ్‌తో మాట్లాడుతుంది.

లక్షణం: ఫోన్ తగిలించినా కంప్యూటర్ నుంచి శబ్దం రాదు, డివైస్ మేనేజర్‌లో ఏ మార్పూ ఉండదు

కారణం దాదాపు ఎప్పుడూ కేబులే. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలు ఉంటాయి: రెండు కరెంటుకు, రెండు డేటాకు. చవక ఛార్జింగ్ కేబుళ్ళు కొన్నింటిలో డేటా తీగలే ఉండవు. ఫోన్ లాక్ తీసి, పై నుంచి నోటిఫికేషన్ కిందకు లాగి, ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోండి. అలా చేసినా కంప్యూటర్‌లో ఫోన్ మెమరీ కనిపించకపోతే కేబుల్ మార్చండి. హబ్ వాడుతుంటే దాన్ని తీసేసి, నేరుగా కంప్యూటర్ వెనుక ఉన్న పోర్టుకు తగిలించండి. డివైస్ మేనేజర్‌లో ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ అని, దాని వివరాల్లో కోడ్ 43 అని వచ్చినా ముందుగా అనుమానించవలసింది కేబుల్‌నూ పోర్టునే. ఫోన్ తన పరిచయం కూడా పూర్తిగా చెప్పుకోలేని ఆ స్థితిలో ఏ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసినా ఉపయోగం ఉండదు.

లక్షణం: ఫైళ్ళు కనిపిస్తాయి, కానీ డివైస్ మేనేజర్‌లో ఏడీబీ అన్న మాటే లేదు, పసుపు గుర్తూ లేదు

ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ కాలేదని అర్థం. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ కింద ఉన్న బిల్డ్ నంబర్‌పై ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ బయటపడతాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. కొత్త సామ్‌సంగ్ ఫోన్లలో ఈ స్విచ్ మసకబారి, నొక్కినా కదలకపోతే, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఉన్న ఆటో బ్లాకర్ అడ్డుపడుతోందని గ్రహించాలి. దాన్ని ఆపితేనే డీబగ్గింగ్ ఆన్ అవుతుంది. పని ముగిశాక మళ్ళీ ఆన్ చేసుకోవడం మంచిది.

లక్షణం: డివైస్ మేనేజర్‌లో ‘అదర్ డివైసెస్’ కింద ఫోన్ పేరు, పక్కన పసుపు ఆశ్చర్యార్థకం, వివరాల్లో కోడ్ 28

అసలైన డ్రైవర్ సమస్య ఇదే. ఏడీబీ ఇంటర్‌ఫేస్ విండోస్‌కు కనిపించింది, దానికి తగిన డ్రైవర్ మాత్రం దొరకలేదు. ముందు ఫోన్ ఏ కంపెనీ ఐడీతో వచ్చిందో చూడండి. ఆ పేరుపై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకుంటే వీఐడీ అన్న అక్షరాల పక్కన నాలుగు స్థానాల సంకేతం ఉంటుంది. గూగుల్‌కు 18డీ1, సామ్‌సంగ్‌కు 04ఈ8, షావోమీకి 2717.

గూగుల్ పిక్సెల్ అయితే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎస్‌డీకే (యాప్ తయారీ సాధనాల సముదాయం) మేనేజర్ తెరిచి, ఎస్‌డీకే టూల్స్ ట్యాబ్‌లో ‘గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్’ టిక్ చేయండి. అది ఎస్‌డీకే ఫోల్డర్‌లోని ‘ఎక్స్‌ట్రాస్’, అందులోని ‘గూగుల్’, దానిలోని ‘యూఎస్‌బీ డ్రైవర్’ అనే ఫోల్డర్‌లో చేరుతుంది. డౌన్‌లోడ్ అయినంత మాత్రాన ఇన్‌స్టాల్ అయినట్టు కాదన్న సంగతి ఎక్కువమంది గమనించరు. డివైస్ మేనేజర్‌లో ‘అప్‌డేట్ డ్రైవర్’ నొక్కి, కంప్యూటర్‌లోనే వెతకమని చెప్పి, ఆ ఫోల్డర్‌ను చూపించాలి. మిగతా కంపెనీల ఫోన్లకు ఆయా కంపెనీల అధికారిక వెబ్‌సైట్‌లో ఇచ్చే డ్రైవరే సరైనది.

కంపెనీ డ్రైవర్ దొరకని పాత ఫోన్లకు ఒక సలహా ఏళ్ళ తరబడి ప్రచారంలో ఉంది: గూగుల్ డ్రైవర్‌లో అది ఏ పరికరాలకు వర్తిస్తుందో చెప్పే ఐఎన్‌ఎఫ్ ఫైల్ తెరిచి, మన ఫోన్ ఐడీని చేత్తో చేర్చమని చెబుతారు. ఆ ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా దాని డిజిటల్ సంతకం చెల్లదు కాబట్టి 64 బిట్ విండోస్ దాన్ని నిరాకరిస్తుంది. అప్పుడు సంతకం తనిఖీనే ఆపేయమని అదే సలహాలో తరువాతి మెట్టు ఉంటుంది. ఒక్క ఫోన్ కోసం మొత్తం కంప్యూటర్ రక్షణను సడలించడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు, దాని అవసరమూ లేదు. ‘అప్‌డేట్ డ్రైవర్’లోనే జాబితా నుంచి నేనే ఎంచుకుంటానని చెప్పి, ‘హ్యావ్ డిస్క్’ ద్వారా ఏ మార్పూ చేయని గూగుల్ ఐఎన్‌ఎఫ్ ఫైల్‌ను చూపించి, ‘ఆండ్రాయిడ్ ఏడీబీ ఇంటర్‌ఫేస్’ను ఎంచుకోండి. ఇది సరిపోకపోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది. అంగీకరించి ముందుకు వెళ్ళవచ్చు. ఇక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఈ పనిని పసుపు గుర్తు ఉన్న ఏడీబీ వరుసపైనే చేయాలి. పొరపాటున ఎంటీపీ వరుసపై చేస్తే అప్పటిదాకా కనిపించిన ఫైళ్ళు కూడా కనిపించకుండా పోతాయి.

ఇప్పటికే తప్పు డ్రైవర్ పడి ఉంటే, ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కినప్పుడు వచ్చే పెట్టెలో డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించమనే గడిలో టిక్ పెట్టాలి. లేకపోతే ఫోన్ మళ్ళీ తగిలించగానే విండోస్ దాచుకున్న అదే డ్రైవర్‌ను తిరిగి తెచ్చి పెడుతుంది. అన్ని ఫోన్లకూ పనికొస్తుందంటూ ఊరూ పేరూ లేని సైట్లలో ఉండే డ్రైవర్ ప్యాక్‌ల జోలికి మాత్రం వెళ్ళవద్దు. అడ్మిన్ అనుమతితో నడిచే ఇన్‌స్టాలర్ కంప్యూటర్‌లో ఏమైనా చేయగలదు.

లక్షణం: ‘ఏడీబీ డివైసెస్’ జవాబులో ఫోన్ సీరియల్ నంబర్ పక్కన ‘అన్‌ఆథరైజ్డ్’ అని ఉంటుంది

ఇక్కడ డ్రైవర్ చక్కగా పనిచేస్తోంది, దాన్ని ముట్టుకోవద్దు. ఆండ్రాయిడ్ 4.2.2 నుంచి, కంప్యూటర్ తన గుర్తింపుగా పంపే డిజిటల్ తాళంచెవిని ఫోన్ యజమాని తెరపై ఆమోదిస్తేనే డీబగ్గింగ్ సాగుతుంది. ఫోన్ లాక్‌లో ఉంటే ఆ ప్రశ్న కంటపడదు. లాక్ తీసి, కేబుల్ ఊడదీసి మళ్ళీ తగిలించి, వచ్చిన పెట్టెలో అనుమతించండి. అప్పటికీ రాకపోతే డెవలపర్ ఆప్షన్స్‌లో ‘రివోక్ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆథరైజేషన్స్’ నొక్కి మళ్ళీ ప్రయత్నించండి. ఆండ్రాయిడ్ 11 నుంచి, ఏడు రోజులపాటు కలపని కంప్యూటర్‌కు ఇచ్చిన అనుమతి దానంతట అదే రద్దవుతుంది కాబట్టి, సెలవుల తరువాత ఈ ప్రశ్న మళ్ళీ వస్తే కంగారు పడనక్కరలేదు.

లక్షణం: ‘ఆఫ్‌లైన్’ అని వస్తుంది, లేదా ఫోన్ కనిపించి మాయమవుతూ ఉంటుంది

ఒకే కంప్యూటర్‌లో రెండు వేర్వేరు ఏడీబీలు ఉండడం దీనికి తరచుగా కారణమవుతుంది. ఎమ్యులేటర్‌తోనో (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్), ఫోన్ తెరను కంప్యూటర్‌లో చూపే ప్రోగ్రామ్‌తోనో పాత ఏడీబీ ఒకటి వచ్చి చేరుతుంది. సర్వర్ వెర్షన్, క్లయింట్ వెర్షన్ కలవడం లేదన్న సందేశం కనిపిస్తే సందేహమే లేదు. ఆ ప్రోగ్రామ్ మూసి, ‘ఏడీబీ కిల్-సర్వర్’ తరువాత ‘ఏడీబీ స్టార్ట్-సర్వర్’ ఇచ్చి, ఏడీబీ ఉండే ప్లాట్‌ఫామ్ టూల్స్‌ను తాజా వెర్షన్‌కు మార్చండి.

లక్షణం: ఫోన్ కనిపిస్తుంది, యాప్ మాత్రం ఇన్‌స్టాల్ కాదు

షావోమీ ఫోన్లలో వాడుకరి అనుమతి లేదన్న లోపం వస్తే, డెవలపర్ ఆప్షన్స్‌లో ‘ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ’ని విడిగా ఆన్ చేయాలి. అందుకు షావోమీ అకౌంట్‌తో లాగిన్ కావలసి ఉంటుంది.

లినక్స్, మ్యాక్ వాడేవారికి

మ్యాక్‌లో డ్రైవర్ అవసరమే లేదు. ఉబుంటులో ‘నో పర్మిషన్స్’ అని వస్తే, అక్కడ లేనిది డ్రైవర్ కాదు, యూఎస్‌బీ పరికరాన్ని తెరిచే హక్కు. ఆ హక్కు ఎవరికో చెప్పే యూడెవ్ నియమాలు ఉన్న ‘ఆండ్రాయిడ్-ఎస్‌డీకే-ప్లాట్‌ఫామ్-టూల్స్-కామన్’ ప్యాకేజీ వేసి, మీ యూజర్‌ను ‘ప్లగ్‌డెవ్’ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి తిరిగి రావాలి. ప్రతిసారీ సూడోతో (అడ్మిన్ హక్కులతో) ఏడీబీ నడపడం అలవాటు చేసుకోవద్దు.

డ్రైవర్ వేసే అధికారమే లేని చోట

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో విద్యార్థులకు అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వరు. ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 లేదా ఆపై వెర్షన్ ఉంటే కేబుల్ లేకుండానే పని నడుస్తుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘వైర్‌లెస్ డీబగ్గింగ్’ ఆన్ చేసి, పెయిరింగ్ కోడ్ తెరిచి, అక్కడ కనిపించే అడ్రసు, పోర్టులతో ‘ఏడీబీ పెయిర్’ ఇచ్చి, ఆరంకెల కోడ్ నింపాలి. ఫోన్, కంప్యూటర్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. అయినా కలవకపోతే, ఒక పరికరం ఇంకో పరికరంతో మాట్లాడకుండా కాలేజీ నెట్‌వర్క్ అడ్డుకుంటూ ఉండవచ్చు. అప్పుడు, కంప్యూటర్‌లో వైఫై ఉంటే, స్నేహితుడి ఫోన్ హాట్‌స్పాట్‌కు రెండింటినీ కలిపి చూడండి. పెయిరింగ్ పోర్టు వేరు, పెయిరింగ్ అయ్యాక కలపడానికి వాడే ‘ఏడీబీ కనెక్ట్’కు ఇచ్చే పోర్టు వేరు. వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆపి ఆన్ చేసినప్పుడు ఆ రెండో పోర్టు మారుతుంది కాబట్టి, నిన్నటి నంబర్ కాకుండా ఇప్పుడు తెరపై ఉన్న నంబరే ఇవ్వాలి.