బతుకమ్మ తాంబాళంలో పల్సార్ ధ్రువణం

హన్మకొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. పల్సార్ (గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే చిక్కని నక్షత్రం) నుంచి వచ్చే రేడియో తరంగం ధ్రువణ కోణం, అంటే అది ఊగే దిక్కు, ఎస్ అక్షరంలా ఎందుకు వంగుతుందో బోర్డు మీద ఎన్ని గీతలు గీసినా వాళ్లకు పట్టుబడలేదు. ఎంగిలిపూల నాడు అమ్మ తంగేడు మొదటి వరుస పేరుస్తుంటే దారి దొరికింది.

అడుగు వెడల్పు తాంబాళంలో గుమ్మడాకు పరిచి, పువ్వు అంచుకు, కాడ నడిమధ్యకు వచ్చేలా తంగేడు చుట్టూ పేర్చండి. పొడుగు కాడలే ఏరుకోండి, పొట్టివైతే కొలత కుదరదు. నడిమధ్య పల్సార్ అయస్కాంత ధ్రువం. కాడలు అక్కడి నుంచి విచ్చుకున్న బలరేఖలు. తరంగం ఏ దిక్కున ఊగాలో ఆ రేఖలే తేలుస్తాయి.

ఇప్పుడు పూలదారం అంచు నుంచి అంచుకు బిగించండి, నడిమధ్యకు 3 సెం.మీ. పక్కగా. పల్సార్ తిరుగుతుంటే మన చూపు దాని మీదుగా సాగే దారి ఇది. అసలు దారి కొంచెం వంపు, మనకు తిన్నని దారం చాలు. దారం నడుమ ఒక సిరా చుక్క, అటూ ఇటూ 3 సెం.మీ.కు ఒకటి చొప్పున నాలుగేసి చుక్కలు పెట్టి, ప్రతిచోటా కాడకూ దారానికీ మధ్య కోణం ఒకే వైపు నుంచి కొలవండి. కాడలు సరిగ్గా కూర్చుంటే 14, 18, 27, 45, 90, 135, 153, 162, 166 డిగ్రీలు వస్తాయి. చివర్లలో చుక్కకు నాలుగే తేడా, నడుమ 45! గ్రాఫు గీయండి, ఎస్ కనిపిస్తుంది. దారం నడిమధ్యకు జరిపితే మలుపు నిటారవుతుంది, దూరం జరిపితే సాగుతుంది.

1969లో మన రాధాకృష్ణన్, సి.వి. రామన్ కొడుకు, కుక్‌తో కలిసి వెలా పల్సార్‌కు చెప్పిన వివరణ ఇదే. ఆ పల్సార్ సెకనుకు 11 సార్లు తిరుగుతుంది.

అసలు డేటా పట్టుకుంటే మాత్రం ముందు ఫారడే భ్రమణం సరిదిద్దాలి. దారిలోని ఎలక్ట్రాన్లు, అయస్కాంత క్షేత్రం కలిసి కోణాన్ని తిప్పేస్తాయి. తరంగదైర్ఘ్యం రెట్టింపైతే ఆ తిప్పుడు నాలుగింతలు. వెలాకు 21 సెం.మీ. దగ్గరే అది దాదాపు 80 డిగ్రీలు. సరిదిద్దకుండా వేర్వేరు తరంగదైర్ఘ్యాల ఛానళ్లన్నీ కలిపితే వాటి ధ్రువణాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి.

కోణం ఒక్కసారిగా 90 డిగ్రీలు ఎగిరితే తప్పనుకుని ఆ చుక్క కొట్టేయకండి. పరస్పరం లంబంగా ఉండే రెండు ధ్రువణాల్లో ఒకటి తగ్గి రెండోది పైచేయి అయ్యేచోట అలా జరుగుతుంది. సరిగ్గా అక్కడే రేఖీయ ధ్రువణం (తరంగంలో ఒకే దిక్కున ఊగే భాగం) సున్నాకు పడిందేమో చూడండి.

కొలతలయ్యాక దారం తీసేసి తాంబాళం ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. తంగేడు వాడకముందే గునుగు వరుస పడాలి.