ఇంగ్లండ్ పల్లెటూరి పబ్‌లో భోజనం చేయడం ఎలా?

యూకేలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు, వారాంతంలో కాట్స్‌వోల్డ్స్‌కో లేక్ డిస్ట్రిక్ట్‌కో బయల్దేరిన మనవాళ్లు దారిలో పబ్ కనబడితే లోపలికెళ్లి, ఖాళీ టేబుల్ చూసుకుని కూర్చుంటారు. అరగంటైనా ఎవరూ రారు. మనల్ని పట్టించుకోలేదని విసుక్కుని లేచొచ్చేస్తారు. చాలా పబ్బుల్లో టేబుల్ దగ్గరికొచ్చి ఆర్డర్ తీసుకునే పద్ధతే లేదు. మనమే కౌంటర్ దగ్గరికెళ్లి చెప్పాలి.

టైమ్ చూసుకోండి

పబ్ తెరిచి ఉన్నంత మాత్రాన వంట ఉన్నట్టు కాదు. చాలాచోట్ల మధ్యాహ్నం 12 నుంచి 2 లేదా 2:30 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా, అంతే. మూడింటికి వెళ్తే క్రిస్ప్స్ (మన ఆలూ చిప్స్) ప్యాకెట్టే గతి. ఆదివారం రోస్ట్‌కి (ఓవెన్లో కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, గ్రేవీతో పెట్టే భోజనం) ముందే ఫోన్ చేసి టేబుల్ చెప్పుకోండి, ఆలస్యమైతే అయిపోతుంది. ఆదివారం సాయంత్రం, సోమవారం వంటగది మూసేసే పబ్బులు చాలా ఉన్నాయి.

టేబుల్ పట్టుకోండి

బార్ ఉన్న గదిలోనే కూర్చోండి. లోపలి డైనింగ్ రూమ్‌లో కూర్చుంటే ఏ హోటల్లోనైనా తిన్నట్టే ఉంటుంది. బూట్లకు బురద ఉంటే వాకిట్లో విప్పండి. కాళ్ల దగ్గర ఎవరిదో కుక్క పడుకుని ఉంటుంది, దాని మానాన దాన్ని వదిలేయండి. టేబుల్ మీదున్న నంబర్ గుర్తుపెట్టుకోండి.

కౌంటర్ దగ్గర

అందరూ తప్పు చేసేది ఇక్కడే. క్యూ కంటికి కనబడదు గానీ ఉంటుంది. జనం ఒకరి వెనక ఒకరు కాకుండా కౌంటర్ పొడవునా పక్కపక్కన నిలబడతారు. ఎవరి తర్వాత ఎవరో అవతల పోసేవాళ్లకీ తెలుసు, ఇవతల నిలబడ్డవాళ్లకీ తెలుసు. మీరు వెళ్లేసరికి అక్కడ ఎవరెవరున్నారో చూసి పెట్టుకోండి. వాళ్లంతా అయ్యాకే మీరు. స్టూల్ మీద నిండు గ్లాసుతో కూర్చున్నాయన మాత్రం లెక్కలోకి రాడు. మర్యాద అనుకుని ఆయన వెనక నిలబడితే సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. ఖాళీ కనబడ్డచోట కౌంటర్‌కి ఆనుకుని నిలబడండి.

సినిమా హాలు టికెట్ కౌంటర్లోకి చేయి దూర్చినట్టు ఇక్కడ కుదరదు. నోటు ఊపడం, నాణెంతో బల్ల మీద కొట్టడం, 'ఎక్స్‌క్యూజ్ మీ' అని కేకేయడం, చిటికె వేయడం, వీటిలో ఏది చేసినా మీ వంతు వెనక్కి పోతుంది. చేతిలో కార్డు పట్టుకుని వాళ్లకేసి చూడండి. అటునుంచి చూపు కలిస్తే చిన్నగా తలూపండి, చాలు. మీకంటే ముందొచ్చినవాళ్లుండగా మిమ్మల్ని అడిగితే, వాళ్లే ముందని చెప్పండి. తర్వాత మీ వంతు ఎక్కడికీ పోదు.

ఇంటిల్లిపాదీ వెళ్లక్కర్లేదు, ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ అన్నీ తేల్చుకునే వెళ్లాలి. కౌంటర్ దగ్గర నిలబడి వెనక్కి తిరిగి 'నీకేం కావాలిరా?' అని అరిస్తే వెనకున్నవాళ్లు పైకి ఏమీ అనరు, లోపల తిట్టుకుంటారు. డ్రింకులన్నీ ఒకేసారి చెప్పండి. గిన్నిస్ (నల్ల బీరు) ఉంటే అదే ముందు చెప్పాలి, అది పోసి, తేరుకోనిచ్చి, మళ్లీ నింపేసరికి రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత తిండి, టేబుల్ నంబర్. డబ్బు అప్పుడే కట్టేయండి. కార్డు వాళ్ల దగ్గర పెట్టి ఖాతా నడపొచ్చు గానీ అది లెక్క మరిచిపోయే దారి.

కొన్నిచోట్ల టేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాని జోలికి పోకండి. మనవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న అందులో అడగడానికి వీలుండదు: ఏ కొవ్వులో వండారు? 'బీఫ్ లేదు కదా' అంటే చాలదు. రోస్ట్ బంగాళాదుంపల్ని తరచుగా బీఫ్ కొవ్వులోనో బాతు కొవ్వులోనో కాలుస్తారు. యార్క్‌షైర్ పుడ్డింగ్‌కి (రోస్ట్‌తో పెట్టే, పిండితో పొంగించి కాల్చేది, తీపి కాదు) పాత పద్ధతి బీఫ్ కొవ్వే. ఇంగ్లండ్ ఉత్తరాన చిప్స్‌నీ (అక్కడ చిప్స్ అంటే లావుపాటి ఫ్రెంచ్ ఫ్రైస్) అందులోనే వేయించే చోట్లున్నాయి. చికెన్ రోస్ట్ మీద పోసే గ్రేవీ బీఫ్ స్టాక్‌తో (ఎముకలు, మాంసం ఉడికించిన నీళ్లతో) చేసింది కావచ్చు. సూయెట్ అని రాసి ఉంటే అదీ సాధారణంగా పశువుల కొవ్వే. కాబట్టి చిప్స్‌కి విడిగా, గ్రేవీకి విడిగా, బంగాళాదుంపలకు విడిగా అడగండి. శాకాహారులైతే చిప్స్, చేపలు ఒకే మూకుట్లో వేయిస్తారా అని కూడా అడగాలి. ఎవరూ ఏమీ అనుకోరు. 14 రకాల అలర్జీ పదార్థాల గురించి చెప్పడం అక్కడ చట్టప్రకారం తప్పనిసరి, కాబట్టి ఇలాంటి ప్రశ్నలు వాళ్లకు అలవాటే.

ఏం తాగాలి

పింట్ అంటే 568 మి.లీ., భోజనంతో అంత వద్దు. హాఫ్ చెప్పండి. చేతి పంపుతో పీపాలోంచి లాగి పోసే కాస్క్ ఏల్ (ఒక రకం బీరు) తీసుకోండి. అది 11–13 డిగ్రీల్లో ఉండాలి. చల్లగా లేదని ఫిర్యాదు చేయకండి, ఐసులా ఉంటే రుచే తెలియదు. కొనేముందు ఒక గుక్క రుచి చూపించమని అడగొచ్చు. వెనిగర్‌లా పుల్లగా ఉంటే వెనక్కివ్వండి, మారుస్తారు. శాకాహారులకో మాట: కొన్ని ఏల్‌లను చేప తిత్తితో చేసిన ఐసింగ్లాస్‌తో తేటపరుస్తారు. తాగనివాళ్లకు లైమ్ అండ్ సోడా. అక్కడి లెమనేడ్ మన నిమ్మరసం కాదు, తియ్యటి గ్యాస్ డ్రింకు. కారు నడిపేవాళ్లు మందు ముట్టొద్దు. కుర్రాళ్లు పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి, 25లోపు వాళ్లలా కనిపిస్తే వయసు రుజువు అడుగుతారు.

ఏం తినాలి

'పై' (pie, పిండి పొరలో కూర పెట్టి కాల్చేది) చెప్పేముందు చుట్టూ పిండి ఉందా, పైన మూతేనా అని అడగండి. గిన్నెలో కూర పోసి పైన పఫ్ మూత పెట్టినది అసలు 'పై' కాదు. అలాంటిదైతే ఇంకేదైనా చెప్పండి. త్వరగా కావాలంటే ప్లౌమన్స్ లంచ్: చెడ్డార్ చీజ్, బ్రెడ్, ముదురు రంగు తీపి-పులుపు పికిల్, ఉల్లిపాయ ఊరగాయ. తరచుగా హామ్ కూడా పెడతారు, వద్దంటే తీసేస్తారు. లేక్ డిస్ట్రిక్ట్‌లో చుట్టలా వచ్చే కంబర్లాండ్ సాసేజ్ బాగుంటుంది, కాకపోతే అది పంది మాంసం. పబ్‌లో కర్రీ మాత్రం చెప్పకండి. స్టికీ టాఫీ పుడ్డింగ్‌కి (టాఫీ సాస్ పోసిన వేడి కేకు) కడుపులో చోటుంచుకోండి, కస్టర్డ్‌తోనే, ఐస్‌క్రీమ్‌తో కాదు.

లేచేముందు

కౌంటర్‌లో కొన్నదానికి టిప్ అక్కర్లేదు. బాగా చూసుకున్నారనిపిస్తే డబ్బు కట్టేటప్పుడు 'అండ్ వన్ ఫర్ యువర్‌సెల్ఫ్' అనండి, ఒక డ్రింక్ డబ్బు కలుపుకుంటారు. టేబుల్ దగ్గరికే వచ్చి వడ్డిస్తే 10 శాతం ఇవ్వండి, బిల్లులో సర్వీస్ చార్జ్ ముందే వేయకపోతేనే. ఖాళీ గ్లాసులు కౌంటర్ మీద పెట్టి వెళ్లండి. రాత్రి గంట కొట్టారంటే ఆఖరి ఆర్డర్లని అర్థం. పల్లెల్లో ఆఖరి బస్సు ఆ గంటకు చాలా ముందే వెళ్లిపోతుంది, టాక్సీ కూడా పిలవగానే రాదు. తిండి ఆర్డర్ ఇచ్చిన వెంటనే టాక్సీకి ఫోన్ చేసి పెట్టుకోండి.