పాత పోర్షా 911 ముందు అద్దం మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

చలికాలం ముగిసి, రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకు కొట్టుకుపోయాక, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పాత స్పోర్ట్స్ కార్లు గరాజుల్లోంచి బయటికి వస్తాయి. నాలుగైదు నెలలు కదలకుండా ఉన్న కారును తుడుచుకుంటున్నప్పుడు, నిరుడు హైవే మీద రాయి తగిలి పడిన చిన్న గంటు ఇప్పుడు జానెడు పగులై కనిపించడం చాలామందికి అనుభవమే. అద్దం మార్చాలన్న ఆలోచన ఆ రోజే పుడుతుంది, తొందర కూడా ఆ రోజే మొదలవుతుంది. ఈ పనిలో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఆ తొందర వల్లనే జరుగుతాయని, ఒహాయోలో పద్నాలుగేళ్లుగా ఒక 1983 మోడల్ 911 ఎస్‌సీని చూసుకుంటూ, దానికి ఒకసారి షాపులో, మరోసారి సొంతంగా అద్దం మార్చుకున్న మనిషిగా నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక్కడ చెప్పేదంతా 1989 వరకు వచ్చిన పాత ఆకారపు 911 కార్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది. వాటిలో ముందు అద్దాన్ని జిగురుతో అతికించరు. అద్దం చుట్టూ ఒక మందపాటి రబ్బరు సీలు ఉంటుంది. ఆ సీలుకు ఒక వైపు గాడిలో అద్దం అంచు, మరో వైపు గాడిలో కారు బాడీ అంచు రేకు కూర్చుంటాయి. రబ్బరు బిగువే రెండింటినీ పట్టి ఉంచుతుంది. సీలు పైన కనిపించే సన్నని అల్యూమినియం పట్టీ అందం కోసమే అనిపించినా, అది రబ్బరులోకి దిగి ఆ బిగువును మరింత పెంచుతుంది. మన వైపు అంబాసిడర్, పద్మిని కార్లకు బీడింగు రబ్బరు తొడిగి, తాడు లాగి అద్దం బిగించే మేస్త్రీలను చూసినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు.

అన్నిటికంటే ముందు, అద్దం నిజంగా మార్చవలసిందేనా అని ఆలోచించాలి. గంటు రూపాయి నాణెం కంటే చిన్నదై, డ్రైవరు చూపుకు ఎదురుగా లేకుండా, అంచు దాకా పాకకుండా ఉంటే, రెసిన్ నింపించడంతో సరిపోవచ్చు. పాత అద్దం మూలలో సిగ్లా అనే గాజు బ్రాండు ముద్ర ఉంటే అది బహుశా కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే. అలాంటి అద్దాన్ని నిలుపుకోవడానికి కొంత శ్రమ పడటం న్యాయం. పగులు అంచును తాకిందంటే మాత్రం మార్చడం తప్ప దారి లేదు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య దాదాపు ముప్పావు మిల్లీమీటరు మందం గల, పీవీబీ అనే పారదర్శక ప్లాస్టిక్ పొరను అతికించి చేసినది. దాని బలహీనత అంతా అంచుల్లోనే ఉంటుంది, అక్కడ మొదలైన పగులు ఆగదు.

మార్చాలని నిశ్చయించుకున్నాక, కొత్త సామానంతా చేతికి అందేవరకు పాత అద్దాన్ని ముట్టుకోకూడదు. కొత్త అద్దం, కొత్త సీలు, పట్టీ ముక్కలను కలిపే చిన్న క్లిప్పులు, వీలైతే కొత్త పట్టీ, ఇవన్నీ బల్ల మీద ఉండాలి. పాత సీలును తిరిగి వాడి డబ్బు మిగుల్చుకోవాలని చూడవద్దు. నలభై ఏళ్ల రబ్బరు చూడటానికి మెత్తగా ఉన్నా, వంపుల దగ్గర సాగదీయగానే చీలుతుంది. అద్దం వచ్చిన రోజే పెట్టె విప్పి, అంచు పొడవునా గోటితో తడిమి ఎక్కడైనా పెచ్చు లేచిందేమో చూడాలి. మూలలో డాట్ (అమెరికా రవాణా శాఖ) అక్షరాలు, ఏఎస్1 గుర్తు ఉన్నాయో లేదో చూడాలి. ఏఎస్1 అంటే కనీసం 70 శాతం వెలుతురును లోపలికి రానిచ్చే, ముందు అద్దంగా వాడదగిన గాజు అని అర్థం. 1980ల కార్లలో కొన్నింటికి రేడియో యాంటెన్నా తీగ అద్దంలోనే ఉంటుంది, కొన్నింటికి పైభాగాన ఆకుపచ్చ నీడ పట్టీ ఉంటుంది; మీ కారుకు ఏది ఉందో ముందే చూసి, అలాంటిదే తెప్పించుకోవాలి. అద్దాన్ని ఎండలో నిలబెట్టి, దాని గుండా దూరంగా ఉన్న ఒక నిట్టనిలువు స్తంభాన్ని చూస్తూ తలను అటూ ఇటూ కదిపితే, గాజులో అలలు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. అలలు ఉన్న అద్దాన్ని ఆ రోజే వెనక్కి పంపడం మేలు, బిగించాక ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఇక అసలు విషయం అద్దం కాదు, దాని కింద కనపడకుండా ఉన్న అంచు రేకు. సీలు లోపలికి దిగిన నీరు అక్కడే నిలుస్తుంది, ముఖ్యంగా కింది రెండు మూలల్లో. పైన రంగు మెరుస్తూ ఉంటుంది, లోపల రేకు పొరలు పొరలుగా లేచిపోతూ ఉంటుంది. 1976 మోడల్ నుంచి పోర్షా ఈ కార్లకు గాల్వనైజ్ చేసిన, అంటే జింకు పూత పూసిన ఉక్కును వాడింది కాబట్టి తుప్పు భయం లేదని అమ్మేవాళ్లు చెబుతారు. అది పూర్తి నిజం కాదు. ఇంతకు ముందు ఎవరైనా అద్దం తీసేటప్పుడు కత్తి మొన రేకుకు గీసుకుని జింకు పూత పోయి ఉంటే, ఆ గీత దగ్గరే తుప్పు మొదలవుతుంది. నా కారులో సరిగ్గా అదే జరిగింది. నా కంటే ముందు ఎవరో చేయించిన పనిలో పడిన రెండు గీతలు, నేను సీలు తీసేసరికి, ఎడమ మూలలో వేలు పట్టేంత రంధ్రాలుగా మారి ఉన్నాయి.

అందువల్ల అద్దం పని పెట్టుకునే ముందే వెల్డింగు, పెయింటింగు చేసే మనిషితో మాట్లాడి, అవసరమైతే రెండు మూడు వారాలు కారును వదలడానికి సిద్ధపడాలి. శనివారం పొద్దున్న తీసి సాయంత్రానికి బిగించేద్దామనుకున్నవారు, తుప్పు కనబడినా కళ్లు మూసుకుని దాని మీదే కొత్త సీలు ఎక్కిస్తారు. ఆ మాయని తప్పు మరో పదేళ్లకు డ్యాష్‌బోర్డు కిందికి నీరై దిగుతుంది. తుప్పును మెరిసే లోహం వచ్చేదాకా తీసి, పోయిన చోట కొత్త రేకు వెల్డింగు చేసి, ఎపాక్సీ ప్రైమరు మీద రంగు వేయించాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఒకటి, అంచు రేకు మీద పుట్టీ మందంగా పట్టించనివ్వకూడదు, ఎందుకంటే రేకు మందం పెరిగితే సీలు గాడి దాని మీద పూర్తిగా కూర్చోదు. రెండోది, రంగు గట్టిపడేవరకు ఆగాలి. పచ్చి రంగు మీద బిగుతైన రబ్బరు పడితే రంగు ముద్దలా లేచి వస్తుంది. గీకేటప్పుడు మంచి ముసుగు తప్పనిసరి, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు.

రేకు సిద్ధమయ్యాక, సీలు లేకుండా కొత్త అద్దాన్ని ఆ ఖాళీలో ఒకసారి ఆనించి చూడాలి. చుట్టూ సందు సమానంగా కనిపించాలి. ఒక మూల ఎక్కువగా లేస్తూ ఉంటే అద్దం వంపులో తేడా ఉందని అర్థం. పాత అద్దం తీసేటప్పుడు ముక్కలు కాకుండా ఉంటే రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చుకోవచ్చు. పాత అద్దాన్ని పని పూర్తయ్యేదాకా పారవేయవద్దని చెప్పేది అందుకే.

పనికి 20 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజును ఎంచుకోవాలి. చలికి రబ్బరు బిగుసుకుపోతుంది, బిగుసుకున్న రబ్బరును లాగడంలోనే అద్దాలు పగులుతాయి. మా వైపు మే నెల సగం దాటేవరకు నేను ఎవరికీ ఈ పని చేయమని చెప్పను. ఇద్దరు మనుషులు తప్పనిసరి, ముగ్గురైతే హాయి. చేతులకు కోత తగలని తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. వైపర్లు తీసేయాలి. డ్యాష్‌బోర్డు మీద, సీట్ల మీద మందపాటి దుప్పట్లు పరచి, అద్దానికి గాలి కొట్టే డీఫ్రాస్టరు సందులను టేపుతో పూర్తిగా మూయాలి. పగిలిన అద్దం నుంచి రాలే గాజు నలుసులు ఆ సందుల్లో పడితే, ఆరు నెలల తర్వాత ఫ్యాను వేసిన రోజు అవి నేరుగా కళ్లలోకి వస్తాయి.

పాత సీలును బయటి వైపు నుంచి, కత్తిని అద్దం మీదికి వాల్చి కోయాలి, బాడీ వైపు కాదు. పట్టీని ఎక్కడా మెలిపెట్టకుండా, కొంచెం కొంచెంగా రబ్బరులోంచి పైకి తీయాలి. ఒకసారి మడత పడిన అల్యూమినియం పట్టీ మళ్లీ తిన్నగా రాదు. లోపలి వైపు హెడ్‌లైనరు, అంటే కారు కప్పుకు లోపల తొడిగిన వినైల్, అంచు రేకు మీదుగా మడిచి, సీలు కిందికి దూర్చి ఉంటుంది. మొదటిసారి నా కారుకు అద్దం మార్చిన ఒక షాపులో ఈ సంగతి చూసుకోకుండా లోపలి నుంచి కత్తి పెట్టి, ఆ వినైల్‌ను ఒక మూల నుంచి మరో మూల దాకా కోసేశారు. అద్దం ఖర్చు కంటే ఆ కప్పు బాగుచేయించడానికే నాకు ఎక్కువైంది.

బయటికి తీసిన అద్దాన్ని గానీ, కొత్త అద్దాన్ని గానీ సిమెంటు నేల మీద ఆనించకూడదు. చెక్క దిమ్మల మీద పాత కార్పెట్టు పరచి, దాని మీదే నిలపాలి. రెండోసారి స్నేహితుడితో కలిసి నేనే చేసినప్పుడు, తాడు వెతుక్కోవడానికి ఒక్క నిమిషం అద్దాన్ని నేలకు ఆనించాను. అప్పుడు ఏమీ కనబడలేదు. బిగించిన మూడో రోజు ఉదయం ఎండ పడగానే కింది అంచు నుంచి ఒక సన్నని గీత పైకి లేచింది, ఆ అద్దాన్ని మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది. ఆ నిమిషాన్ని ఇప్పటికీ మరచిపోలేను.

బిగించేటప్పుడు ముందుగా సీలును అద్దానికి తొడిగి, పట్టీని సీలులోకి ఎక్కించాలి. కారు మీద కూర్చోబెట్టాక పట్టీ ఎక్కించబోతే చాలా కష్టం. ఆ తర్వాత బాడీ వైపు గాడిలో నాలుగైదు మిల్లీమీటర్ల నునుపైన తాడును చుట్టూ తిప్పి, రెండు కొసలు కింది అంచు మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా వదలాలి. గాడికీ రేకుకూ సబ్బు నీళ్లు రాయాలి. గ్రీజు, ఇంజను ఆయిలు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. బయట ఉన్న మనిషి అరచేతితో అద్దాన్ని నెమ్మదిగా నొక్కుతూ ఉంటే, లోపలి మనిషి తాడును అద్దానికి సమాంతరంగా, కారు మధ్యలోకి లాగుతూ పోవాలి. సీలు లోపలి అంచు రేకు మీదికి ఎక్కుతూ వస్తుంది. ఇద్దరూ ఒకే చోట ఉండాలి, అంటే తాడు ఎక్కడుంటే అరచేయి అక్కడ ఉండాలి. గుద్దకూడదు. ఒకచోట తాడు ఆగిందంటే బలం పెంచవద్దు, అద్దం ఒక పక్కకు జరిగి ఉంటుంది, వెనక్కి తీసి మళ్లీ మధ్యకు సర్దుకోవాలి.

నీరు కారుతుందేమోనన్న భయంతో సీలు కింద సిలికాన్ దట్టించే అలవాటును ఎవరు సూచించినా ఒప్పుకోవద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది ఉక్కును తినేస్తుంది. పైగా సిలికాన్ అంటిన చోట తర్వాత ఏ రంగూ నిలవదు. అవసరమనిపిస్తే గట్టిపడని బ్యుటైల్ రకం మాస్టిక్‌ను (సందులు పూడ్చే మెత్తటి ముద్దను) పల్చగా వాడవచ్చు.

మీ కారు ఈ రకం కాకుండా, అద్దం యూరథేన్ జిగురుతో అతికినది అయితే, పైన చెప్పిన తాడు పద్ధతి మీకు పనికిరాదు, సొంతంగా చేసుకోవడం కూడా మంచిది కాదు. అలా జిగురుతో అతికిన అద్దం ఉన్న పోర్షా 944 టర్బో 1987లో అమెరికాలో రెండు ఎయిర్‌బ్యాగులతో వచ్చింది. ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు అద్దం మీదికి బలంగా వచ్చి పడుతుంది కాబట్టి, జిగురు సరిగా పట్టకపోతే అద్దమే ఊడి బయటికి పోవచ్చు. ఆ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. ఎన్ని గంటల తర్వాత నడపవచ్చో డబ్బా మీద రాసిన దాన్నే పాటించాలి, షాపువాళ్ల హడావుడిని కాదు. ఆ రోజంతా ఒక కిటికీ కొద్దిగా దించి ఉంచాలి, తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడి పచ్చి జిగురును కదిలిస్తుంది.

షాపుకు ఇచ్చేవారు ఒక్క ప్రశ్న అడిగి తీరాలి: రబ్బరు సీలు అద్దాలను ఎవరు బిగిస్తారు, ఆ మనిషి ఆ రోజు ఉంటారా? కొత్త కార్ల అద్దాలే బిగించిన కుర్రవాళ్లు ఎంత నేర్పరులైనా ఈ పట్టీని వంచకుండా ఎక్కించడం వారికి అలవాటు ఉండదు. ఫ్లోరిడా, కెంటకీ, సౌత్ కరొలైనా రాష్ట్రాల్లో కాంప్రిహెన్సివ్ బీమా ఉన్నవారికి ముందు అద్దానికి డిడక్టిబుల్, అంటే సొంత జేబులోంచి కట్టే వాటా, ఉండదు. అయినా బీమా కంపెనీ చెప్పిన షాపుకే వెళ్లాలని తొందరపడకుండా, మీరు నమ్మిన షాపుకు చెల్లిస్తారేమో ముందుగా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇలాంటి కారును భారతదేశంలో నడిపేవారు మాత్రం కొత్త అద్దం మీద ఫిల్ము అంటించవద్దు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు అద్దం గుండా 70 శాతం వెలుతురు రావాలి, 2012లో సుప్రీంకోర్టు అద్దాల మీద ఫిల్ములను నిషేధించింది.

బిగించిన మరునాడు నీటి పరీక్ష చేయాలి. గొట్టానికి నాజిల్ లేకుండా, నెమ్మదిగా పారే నీటిని ముందు కింది అంచు మీద ఐదు నిమిషాలు, తర్వాత పక్కల మీద, చివరికి పై అంచు మీద వదలాలి. మరొకరు లోపల టార్చితో కూర్చుని, కింది మూలల్లో అంటించిన టిష్యూ కాగితం తడుస్తుందేమో చూడాలి. ఒకేసారి పై నుంచి నీరు పోస్తే ఎక్కడ కారుతోందో తెలియదు. కాగితాలు పొడిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే వైపర్లు బిగించాలి. మొదటి వారం హైవే ఎక్కకుండా నడిపి, ఆ తర్వాత పట్టీ చుట్టూ వేలితో నొక్కి ఎక్కడైనా పైకి లేచిందేమో మరోసారి చూసుకోవాలి.