నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో కొత్తగా చేరారా? ముందు ట్రైనింగ్, తర్వాతే ఫోన్లు

నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో, అంటే కంపెనీ సరుకు మనమే అమ్ముతూ, మన కింద ఇంకొందరిని చేర్చుకుని వాళ్ల అమ్మకాల మీదా కమిషన్ తీసుకునే పనిలో, కొత్తగా చేరినవాళ్లలో చాలామంది సభ్యత్వ ఐడీ యాక్టివ్ అయిన సాయంత్రమే ఫోన్ తీసి తెలిసినవాళ్లందరికీ వరసగా మెసేజ్‌లు పెట్టేస్తారు. ప్రోడక్ట్ గురించి సరిగ్గా తెలియదు, ప్లాన్‌లో, అంటే కంపెనీ కమిషన్ పంచే పద్ధతిలో, డబ్బు ఎటునుంచి ఎటు వెళ్తుందో తెలియదు, అవతలివాళ్లు "ఇది గొలుసుకట్టు స్కీమే కదా" అంటే ఏం చెప్పాలో అసలే తెలియదు. దాంతో అన్న, పిన్ని, ఫ్రెండు అందరూ మొదట్లోనే వద్దనేస్తారు, తర్వాత ఎంత బాగా నేర్చుకున్నా మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లదు. ట్రైనింగ్ ముందు పూర్తి చేయమనేది అందుకే.

మొదటి పని: ప్లాన్ కాగితాలు మీరే చదవండి

స్టేజీ మీద చెప్పింది విని ఊరుకోకండి. కమిషన్ ఎలా లెక్కేస్తారు, అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోపు, ఎంత కోసుకుంటారు, ఇవి రాతపూర్వకంగా చూడండి. అమెరికాలో 1979లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వ్యాపార మోసాల నుంచి వినియోగదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ) ఆమ్‌వే అనే నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ కేసులో తీర్పిస్తూ అది పిరమిడ్ స్కీమ్, అంటే గొలుసుకట్టు మోసం, కాదని చెప్పింది. ఎందుకంటే అక్కడ మనుషుల్ని చేర్చినంత మాత్రాన డబ్బు రాదు, మిగిలిన సరుకు వెనక్కి తీసుకునే నియమం ఉంది, కొన్న సరుకులో కనీసం 70 శాతం ఆ నెలలో అమ్మాలి, నెలకు 10 మంది వేర్వేరు కస్టమర్లకు అమ్మినట్టు చూపాలి. మీ కంపెనీ ఏదైనా సరే, ఈ నాలుగు విషయాలూ అడగండి. జవాబు దాటేస్తే అక్కడే ఆగిపోండి, మిగతా ట్రైనింగ్ వినాల్సిన పని లేదు.

ప్రోడక్ట్ మీరు వాడి చూడండి. లేబుల్ మీద ఏముందో అంతే చెప్పండి, జబ్బులు నయమవుతాయని మాత్రం ఎవరు చెప్పమన్నా చెప్పకండి.

పేర్ల లిస్టు రాసేటప్పుడు కోత పెట్టకండి

ట్రైనింగ్‌లో తెలిసినవాళ్లందరి పేర్లూ రాయమంటారు. మనం కూర్చుని "ఆయన చేయడులే, ఈవిడకి టైమ్ ఉండదులే" అని సగం పేర్లు కొట్టేస్తాం. అది వాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయం, వాళ్ల తరఫున మనం తీసుకోకూడదు. అలాగని లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరినీ పీడించమనీ కాదు. ఒకసారి మర్యాదగా అడగడం, వద్దంటే వదిలేయడం, అంతే.

చెప్పిన మాటలు చెప్పినట్టే, కొన్నాళ్లు

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. ఎలా పిలవాలి, ప్లాన్ ఎలా చూపించాలి, ప్రశ్నలకు ఏం చెప్పాలి అని ట్రైనింగ్‌లో ఒక వరస ఇస్తారు. తెలివైనవాళ్లకి అది బోరుగా అనిపిస్తుంది, రెండో రోజే సొంత పద్ధతి మొదలుపెడతారు. నా దృష్టిలో అది పెద్ద నష్టం, ఎందుకంటే వరస ప్రకారం చేసి ఫెయిలైతే ఎక్కడ తప్పిందో మీ అప్‌లైన్ (మిమ్మల్ని చేర్చిన, మీ పైనున్న మనిషి) చూసి చెప్పగలరు: పిలవడానికే తడబడుతున్నారా, ప్లాన్ మరీ సాగదీస్తున్నారా, ఫాలో అప్ మర్చిపోతున్నారా అని. అన్నీ మార్చేసి చేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, చివరికి "నాకిది చేతకాదు" అన్న మాటే మిగులుతుంది. ఇంకోటి, మీ కింద చేరేవాళ్లు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు. మీ మాటకారితనంతో మీరు అమ్మగలరేమో, మీ డౌన్‌లైన్‌లో, అంటే మీ కింద చేరినవాళ్లలో, మాట్లాడాలంటేనే టెన్షన్ పడే మనిషి ఏం చేయాలి? ఎవరైనా చేయగలిగే పద్ధతి ఉంటేనే టీమ్ నిలబడుతుంది.

మొదటి కొన్ని మీటింగ్‌లకు అప్‌లైన్‌ని పక్కన పెట్టుకోండి, మీరు మాట్లాడకుండా వినండి. తర్వాత మీరు చెప్పండి, ఆయన వింటారు. ఎవర్ని పిలిచారు, ఎవరు వచ్చారు, ఏమన్నారు, మళ్లీ ఏ తేదీన మాట్లాడతానన్నారు, ఒక నోట్‌బుక్‌లో రాసి ఆ తేదీకే ఫోన్ చేయండి. మీ సొంత శైలి ఇవన్నీ అలవాటయ్యాక దానంతట అదే వస్తుంది.

ట్రైనింగ్ పేరుతో వచ్చే ప్రతి మాటా ట్రైనింగ్ కాదు

కంపెనీ పేరు చెప్పకుండా పిలవమంటే, అప్పు చేసి సరుకు కొనమంటే, ఒకరిద్దరి చెక్కులు చూపించి అందరికీ అంతే వస్తుందని చెప్పమంటే, వద్దన్న ఇంట్లోవాళ్లకి దూరంగా ఉండమంటే, నిర్మొహమాటంగా కాదనండి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 70 కంపెనీలు బయటపెట్టిన ఆదాయ వివరాలు పరిశీలించి 2024లో ఇచ్చిన నివేదికలో, చేరినవాళ్లలో ఎక్కువమందికి ఏడాదికి వచ్చింది 1,000 డాలర్లు లేదా అంతకంటే తక్కువేనని తేల్చారు. అందులో ఖర్చులు తీసేయని లెక్కలే ఎక్కువ. కాబట్టి ఉన్న ఉద్యోగం మానేయకండి. ఫీజు కట్టి వెళ్లే సెమినార్లు, ప్రయాణాలు, మీరు వాడుకోవడానికి కొన్న సరుకు, అన్నీ ఖర్చు కిందే రాసి, నెలాఖరున కమిషన్‌లోంచి తీసేసి చూసుకోండి. వరసగా కొన్ని నెలలు నష్టమే వస్తుంటే ఆ కాగితం, ఫాలో అప్ నోట్‌బుక్ రెండూ పట్టుకుని అప్‌లైన్ ఎదురుగా కూర్చుని, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నానో చూపించమని అడగండి.