529 ప్లాన్ ఎంచుకునే ముందు

అమెరికాలో పిల్లల కాలేజీ కోసం 529 అకౌంట్ (రాష్ట్రాలు నడిపే చదువు పొదుపు ఖాతా) తెరవాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. మీరు ఎక్కడున్నా వేరే రాష్ట్రం ప్లాన్ కూడా తీసుకోవచ్చు. అందుకే మీరు వేసే డబ్బుకి మీ రాష్ట్రం పన్ను రాయితీ ఇస్తుందేమో ముందు చూడండి. న్యూయార్క్‌లో సొంత రాష్ట్రం ప్లాన్‌లో వేస్తేనే రాయితీ. పెన్సిల్వేనియాలో ఏ రాష్ట్రానిదైనా సరే. కాలిఫోర్నియాలో అసలు లేదు.

రాయితీ లేని చోట అన్నిటికన్నా ముఖ్యం ఛార్జీలు. ఏజెంట్ ద్వారా కాకుండా ప్లాన్ వెబ్‌సైట్‌లో మీరే తెరిస్తే సాధారణంగా తక్కువ పడుతుంది. 20,000 డాలర్లు 18 ఏళ్లపాటు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే దాదాపు 57,000 అవుతాయి. ఆ 6 శాతంలో ఏటా 1 శాతం ఛార్జీలకే పోతే చేతికొచ్చేది 48,000 చిల్లర. ఈ తేడా చాలామంది పట్టించుకోరు, అదే నాకు బాధ.

పిల్లాడు కాలేజీకి వెళ్లకపోతే ఎలా అని టెన్షన్ వద్దు. అకౌంట్‌ని తమ్ముడికో చెల్లికో మార్చొచ్చు. వేరే ఖర్చుకి తీసుకుంటే మాత్రం లాభం మీద ఆదాయపు పన్ను, పైగా 10 శాతం జరిమానా పడతాయి. మీరు వేసిన అసలుకి ఫెడరల్ (కేంద్ర) పన్ను, ఆ జరిమానా ఉండవు.